బీడు నేలలో నీలి పంట

పావగడ తాలూకాలోని బలసముద్రం పరిసరాల్లో పెరిగే పిల్లలకు గుట్టల మీది పండ్ల సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. సంక్రాంతి నాటికి రేగు పండ్లు, తొలకరి నాటికి నేరేడు పండ్లు, కలే పండ్లు, దసరా నాటికి సీతాఫలాలు. గుట్టల మీది ఆ పొదలకు ఎవరూ పాదు చేయరు, నీళ్ళు పోయరు. ఏ రేగు పొద పండ్లు తియ్యగా ఉంటాయో, ఏ పొదవి వగరుగా ఉంటాయో పశువులు కాసే పిల్లలకు తెలిసినంతగా పెద్దలకైనా తెలియదు. అయితే ఆ తెలివిని చదువు కింద ఎవరూ జమకట్టరు.

అటువంటి తెలివికి విలువ కట్టి, డబ్బిచ్చి, దాని ఆధారంతో ఒక అడవి పండును తోట పంటగా మార్చిన స్త్రీ ఒకామె అమెరికాలో ఉండేది. ఆమె పేరు ఎలిజబెత్ కోల్‌మన్ వైట్. ఆ పండు పేరు బ్లూబెర్రీ.

బ్లూబెర్రీ నేరేడు పండు కంటె చిన్నది. గుండ్రంగా, ముదురు నీలం రంగులో ఉంటుంది. ద్రాక్ష పండు మీద ఉన్నట్లే దీని మీద కూడా బూడిద పూసినట్లు తెల్లని పొర ఉంటుంది. ఒక కొసన చిన్న కిరీటం వంటి అంచు కనబడుతుంది. ఇందులో ఎన్నో జాతులున్నాయి. కొన్ని మోకాలెత్తు కూడా పెరగవు. కొన్ని మనిషి ఎత్తును మించి పెరుగుతాయి. ఈ మొక్కకు దగ్గరి చుట్టాలు మన దేశంలో హిమాలయాలలోను, నీలగిరులలోను అడవి పొదలుగా ఉన్నాయి. ఉత్తర అమెరికాలో ఆదివాసులు అనాదిగా ఈ పండ్లను ఏరి తినేవారు. ఎండబెట్టి చలికాలానికి దాచుకునేవారు. ఐరోపా నుంచి వచ్చి స్థిరపడినవారు వారిని చూసి నేర్చుకున్నారు. ఇరవయ్యవ శతాబ్దం ఆరంభం దాకా అంగట్లోకి వచ్చిన బ్లూబెర్రీలన్నీ అడవిలో ఏరుకొచ్చినవే. ఒక బుట్టలోని పండ్లలో ఒకటి పెద్దదైతే పది చిన్నవి, ఒకటి తీపైతే రెండు పులుపు.

అమెరికా తూర్పు తీరంలో న్యూజెర్సీ అనే రాష్ట్రం ఉంది. దాని దక్షిణ భాగంలో లక్షల ఎకరాల మేర ఇసుక నేల మీద దేవదారు జాతి చెట్ల అడవి పరచుకొని ఉంది. ఆ ప్రాంతాన్ని పైన్ బారెన్స్ అంటారు. పైన్ అడవుల బీడు అని ఆ మాటకు అర్థం. ఐరోపా నుంచి వచ్చిన రైతులు తమతో తెచ్చుకున్న గోధుమ, కూరగాయల విత్తనాలను అక్కడ చల్లి చూశారు. అవి బాగా పండలేదు. నేలలో పులుపు, అంటే ఆమ్ల గుణం, ఎక్కువగా ఉండడమే అందుకు కారణం. పంట పండలేదు గనుక దానికి బీడు అని పేరు పెట్టారు. నిజానికి ఆ నేల నిండా మొక్కలు, పొదలు, వాగులు, చిత్తడి మడుగులు ఉన్నాయి. మనిషి తనకు కావలసినది దొరకని చోటును బీడు అనడం లోకంలో పరిపాటి. బలసముద్రం, తిరుమణి ప్రాంతాల మెట్ట పొలాలు కూడా వానలు లేక వేరుశనగ ఎండిపోయిన ఏళ్ళలో బీడు అనిపించుకున్నవే. ఆ పొలాలలోనే 2018 నుంచి సౌర ఫలకాలు వరుసలు తీరి విద్యుత్తును పండిస్తున్నాయి.

ఆ ఇసుక అడవిలో న్యూ లిస్బన్ అనే చోట 1871 అక్టోబరు 5వ తేదీన ఎలిజబెత్ జన్మించింది. తండ్రి జోసెఫ్ జోసయా వైట్, తల్లి మేరీ. నలుగురు కూతుళ్ళలో ఆమె పెద్దది. వారిది క్వేకర్ శాఖకు చెందిన క్రైస్తవ కుటుంబం. ఆడంబరం లేకుండా బతకడం, కష్టపడి పని చేయడం, ఆడపిల్లలకు కూడా చదువు చెప్పించడం ఆ శాఖవారి పద్ధతి.

వైట్ కుటుంబం పండించే పంట క్రాన్‌బెర్రీ. అది పుల్లని ఎర్రని పండు. పులుపు నేలలో, చిత్తడిలో తీగలా పాకి పెరుగుతుంది. ఎలిజబెత్ తాత జేమ్స్ ఫెన్విక్ 1857లోనే క్రాన్‌బెర్రీ సాగు మొదలుపెట్టాడు. తండ్రి జోసెఫ్ ఆ సాగును విస్తరింపజేశాడు. అంతేకాక, 1870లో క్రాన్‌బెర్రీ సాగు గురించి ఒక పుస్తకం కూడా రాశాడు. క్రమంగా వారి పొలాలు వేల ఎకరాలకు పెరిగాయి. కూలీల ఇళ్ళు, అంగడి, గిడ్డంగులు అన్నీ కలిసి అక్కడ వైట్స్‌బాగ్ అనే ఊరే వెలిసింది. వైట్ కుటుంబంవారి చిత్తడి మళ్ళు అని ఆ పేరుకు అర్థం.

ఎలిజబెత్ ఫిలడెల్ఫియా నగరంలోని క్వేకర్ బడిలో చదువుకొని 1887లో ఉత్తీర్ణురాలైంది. తరువాత చలికాలాల్లో డ్రెక్సెల్ విద్యాసంస్థలో ప్రథమ చికిత్స, ఫొటోగ్రఫీ, బట్టలు కుట్టడం వంటివి నేర్చుకుంది. కాలేజీ పట్టా మాత్రం పుచ్చుకోలేదు. మిగతా కాలమంతా పొలంలోనే గడిపింది. పండ్లు కోసే కూలీల మధ్య తిరుగుతూ కొలతలు చూడడం, ఎవరెంత కోశారో లెక్క రాయడం ఆమె పని. తండ్రికి కొడుకులు లేరు. ఆ లోటు గురించి ఆయన ఎన్నడైనా విచారించాడో లేదో గాని, పెద్ద కూతురికి మాత్రం సాగు పనులన్నీ దగ్గర ఉండి నేర్పాడు.

తండ్రీకూతుళ్ళను చాలాకాలంగా ఒక ఆలోచన వెంటాడుతూ ఉండేది. క్రాన్‌బెర్రీ కోత సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో జరుగుతుంది. బ్లూబెర్రీ అంతకు ముందే, జూన్ నుంచి ఆగస్టు వరకు పండుతుంది. క్రాన్‌బెర్రీ మళ్ళ నడుమ, కొంచెం మెరకగా ఉన్న చోట ఎంతో భూమి ఖాళీగా పడి ఉంది. అక్కడ బ్లూబెర్రీ పండించగలిగితే రెండు పంటలూ ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. కూలీలకు ఎక్కువ రోజులు పని దొరుకుతుంది. లెక్క సరిగానే ఉంది. కాని బ్లూబెర్రీని తోటలో పెంచడం అసాధ్యమని అక్కడివారందరికీ గట్టి నమ్మకం. అడవి నుంచి తవ్వి తెచ్చి పెరట్లో నాటినవారందరి మొక్కలూ పాలిపోయి చచ్చాయి. నమ్మకానికి ఆ అనుభవమే ఆధారం.

ఆ చిక్కుముడిని విప్పినవాడు ఫ్రెడరిక్ కోవిల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు. ఆయన వాషింగ్‌టన్‌లో అమెరికా వ్యవసాయ శాఖలో పని చేసేవాడు. 1906లో ఆయన బ్లూబెర్రీ మీద ప్రయోగాలు మొదలుపెట్టాడు. మొక్క బాగా పెరగాలంటే బలమైన తోట మట్టి, పశువుల ఎరువు, కొంచెం సున్నం వేయాలని అప్పటి తోటమాలులు చెప్పేవారు. మిగతా మొక్కలకు అది మంచి సలహాయే. బ్లూబెర్రీకి మాత్రం విషంతో సమానం. సున్నం నేలలోని పులుపును విరిచివేస్తుంది. ఈ మొక్కకు పులుపు నేలే ప్రాణం. ఆకులు, వేర్లు కుళ్ళి నల్లబడిన చిత్తడి మట్టిని ఇసుకతో కలిపి నాటినప్పుడు కోవిల్ మొక్కలు ఏపుగా పెరిగాయి.

ఆయన మరి కొన్ని సంగతులు కూడా కనిపెట్టాడు. చాలా మొక్కల వేర్లకు నీటిని పీల్చే సన్నని నూగు ఉంటుంది. బ్లూబెర్రీ వేర్లకు అది ఉండదు. దానికి బదులు కంటికి కనబడని ఒక శిలీంధ్రం ఆ వేర్లలో కాపురం ఉంటుంది. పులుపు నేలలో మొక్కకు ఆహారం అందడానికి అది తోడ్పడుతుంది. చలికాలంలో మొక్కను వెచ్చని గాజు గదిలో పెట్టి కాపాడితే వసంతం వచ్చినా దాని మొగ్గలు సరిగా విచ్చుకోవు. కొన్ని వారాలు చలిలో వణికితేనే దానికి మేలుకోవాలని తెలుస్తుంది. ఒకే పొద పూల పుప్పొడి ఆ పొదకే అందితే కాయలు కొద్దిగా, చిన్నవిగా కాస్తాయి. రెండు రకాల పొదలు పక్కపక్కన ఉండి, తేనెటీగలు వాటి మధ్య తిరగాలి. ఈ సంగతులలో కొన్ని మొదట్లోనే, కొన్ని తరువాతి సంవత్సరాలలో తేలాయి. తొలి ఫలితాలతో కోవిల్ రాసిన పుస్తకాన్ని వ్యవసాయ శాఖ 1910లో ప్రచురించింది.

ఆ పుస్తకం వైట్స్‌బాగ్ చేరింది. ఎలిజబెత్ దాన్ని ఆత్రంగా చదివింది. అప్పటికి ఆమె వయస్సు నలభైకి దగ్గరపడింది. ప్రభుత్వ శాస్త్రజ్ఞుడి వద్ద విద్య ఉంది గాని విశాలమైన పులుపు నేల లేదు. ఆమె వద్ద నేల ఉంది, మనుషులున్నారు, పంటను అంగడికి చేర్చిన అనుభవం ఉంది. 1911లో ఆమె వ్యవసాయ శాఖకు ఉత్తరం రాసింది. తమ పొలంలో ప్రయోగాలు చేసుకోవడానికి భూమిని, మనుషులను ఇస్తామని, ఖర్చు కూడా భరిస్తామని తెలియజేసింది. అమెరికాలో దేశమంతటా స్త్రీలకు ఓటు హక్కు రావడానికి అప్పటికి ఇంకా తొమ్మిదేళ్ళు ఉంది. కోవిల్ వైట్స్‌బాగ్ వచ్చి నేలను చూసి అంగీకరించాడు. వారిద్దరి పొత్తు పాతికేళ్ళకు పైగా, 1937లో కోవిల్ మరణించేదాకా సాగింది.

మంచి తోటకు మంచి తల్లి మొక్కలు కావాలి. కోవిల్ 1908లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని గ్రీన్‌ఫీల్డ్ అనే ఊరి పచ్చిక బయలులో ఒక పొదను ఎంచి దానికి బ్రూక్స్ అని పేరు పెట్టాడు. ఒక్క పొదతో పని జరగదు. లక్షల ఎకరాల పైన్ బారెన్స్‌లో ఎక్కడో ఇంతకంటె మేలైన పొదలు ఉండి ఉండాలి. వాటిని వెదకడం ఎలా? ఒక శాస్త్రజ్ఞుడు, ఒక పొలం యజమానురాలు జీవితాంతం తిరిగినా ఆ అడవిని చూసి ముగించలేరు.

ఎలిజబెత్‌కు ఆ అడవి మనుషులు తెలుసు. వారిని బయటివారు పైనీలు అని పిలిచేవారు. ఆ పిలుపులో చులకన ఉండేది. కట్టెలు కొట్టడం, బొగ్గు కాల్చడం, నాచు ఏరడం, కాలాన్ని బట్టి పండ్లు కోసి అమ్మడం వారి జీవనం. 1913లో వారి గురించి ఒక నివేదిక వెలువడింది. ఆ అడవి కుటుంబాలు పుట్టుకతోనే మందబుద్ధులని, చెడునడత గలవారని అందులో చిత్రించారు. పత్రికలు దాన్ని ఎత్తుకున్నాయి. ఆ రాష్ట్ర గవర్నరు సైతం ఆ మాటలు నమ్మాడు. ఆ నివేదిక వెనుక ఉన్న సిద్ధాంతాలు శాస్త్రీయం కావని తరువాతి కాలంలో పండితులు తేల్చారు. ఆ మాటలు ఊరేగుతున్న రోజుల్లోనే ఆ మనుషుల అడవి జ్ఞానం మీద ఎలిజబెత్ తన తోటకు పునాది వేసింది. వారి మీద పడిన ఆ మచ్చను తొలగించడానికి కూడా ఆమె ప్రయత్నించింది.

ఆమె అల్యూమినియం రేకు ముక్కలు చేయించింది. ఒక్కొక్క రేకుకు అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతుల వెడల్పున, అంటే సుమారు 16 మిల్లీమీటర్ల మేర, ఒక రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రంలో పట్టకుండా నిలిచిపోయే పండు కాసే పొదను ఎవరు చూపిస్తే వారికి డబ్బు ఇస్తామని చెప్పింది. రేకుతో పాటు మాదిరి పండ్లు వేయడానికి సీసాలు, పొదకు కట్టడానికి చీటీలు, ఏమి గమనించాలో వివరించే కాగితం కూడా ఇచ్చింది. పండు సైజు ఒక్కటే చాలదు. రుచి ఎలా ఉంది, తొక్క గట్టిదా, పొద బలమైనదా, చలికి తట్టుకుంటుందా, పండ్లు అన్నీ ఒకేసారి పండుతాయా, ఇవన్నీ చూడాలి. పొదను చూపించినందుకు ఇచ్చే డబ్బు గాక, అడవిలో దారి చూపినందుకు అయిన కాలానికి కూడా వేరుగా కూలి కట్టి ఇచ్చేది.

అడవి మనుషులు రేకులు పట్టుకొని బయలుదేరారు. వారిలో చాలామందికి ఆ రేకు అవసరం కూడా లేకపోయింది. చిన్ననాటి నుంచి ఎరిగిన పొదలే. ఏ వాగు మలుపులో ఏ పొద కాపు ఎలా ఉంటుందో వారికి తెలుసు. ఇంతకు ముందు ఎవరూ అడగలేదు, అంతే. ఎలిజబెత్ వారి వెంట బండి మీద, కాలినడకన చిత్తడి దారుల్లో పడి వెళ్ళేది. పొదను చూసి, పండు రుచి చూసి, నచ్చితే వేర్లతో సహా తవ్వించి వైట్స్‌బాగ్ తెప్పించేది.

ప్రతి పొదకూ దాన్ని చూపించినవారి పేరే పెట్టాలని ఆమె నియమం పెట్టుకుంది. అందువల్ల హార్డింగ్, ఆడమ్స్, గ్రోవర్ వంటి పేర్లు వచ్చాయి. కొన్ని చోట్ల ఈ నియమం చిక్కు తెచ్చిపెట్టింది. శామ్ లెమన్ అనే ఆయన ఒక మంచి పొదను చూపించాడు. తియ్యని పండుకు నిమ్మకాయను గుర్తుచేసే పేరు పెడితే కొనేవారు ఏమనుకుంటారు? అందుచేత ఆ పొద శామ్ అయింది. రూబ్ లీక్ అనే ఆయన చూపించిన పొద అన్నిటికంటె గొప్పది. లీక్ అంటే ఇంగ్లీషులో ఉల్లి జాతి కూర. రూబ్ అంటే మొరటు పల్లెటూరివాడనే వెక్కిరింపు కూడా ఉంది. చివరకు కోవిల్ సూచన మీద, రూబ్ అనే మాటకు ఇంటిపేరులోని మొదటి అక్షరాన్ని చేర్చి ఆ పొదకు రూబెల్ అని పేరు పెట్టారు.

అలా చేర్చిన పొదలు సుమారు వంద. వాటిని ముక్కలు చేసి నాటారు. కొమ్మలు నాటితే వేర్లు పట్టడం ఈ మొక్కకు చాలా కష్టం. ఎన్నో కొమ్మలు ఎండిపోయాయి. ఏ కొమ్మను ఏ కాలంలో కోయాలి, ఎంత ఇసుకలో ఉంచాలి, ఎంత తడి ఇవ్వాలి అన్నది తెలుసుకోవడానికే ఏళ్ళు పట్టింది. నాటినవాటిలో కూడా చాలావాటిని లోపాలు కనబడగానే తీసివేశారు. చివరకు కొద్ది రకాలే నిలిచాయి. ఒక వైపు ఈ పని జరుగుతుండగా, మరొక వైపు కోవిల్ మేలైన పొదల పూలను ఒకదానితో ఒకటి సంపర్కం చేసి కొత్త విత్తనాలు తీశాడు. గ్రీన్‌ఫీల్డ్ నుంచి వచ్చిన బ్రూక్స్‌ను, న్యూజెర్సీ అడవిలో దొరికిన సూయ్ అనే పొదను కలిపి ఆయన ఒక సంకరజాతిని సాధించాడు. 1920లో బయటికి వచ్చిన ఆ రకానికి పయనీర్ అని పేరు. దారి తీసినవాడు అని ఆ మాటకు అర్థం. వేలాది మొలకలను వైట్స్‌బాగ్ ఇసుకలో నాటి, కాపు కాసేదాకా పెంచి, వాటిలో ఒకటి రెండింటిని మాత్రమే ఎంచుకోవలసి వచ్చేది.

1916లో వైట్స్‌బాగ్ తోటలో పండిన బ్లూబెర్రీలు మొదటిసారి అంగడికి వెళ్ళాయి. మొదటి ఉత్తరం రాసిన అయిదేళ్ళకు, పుస్తకం వెలువడిన ఆరేళ్ళకు. వేరుశనగ నాలుగు నెలల్లో చేతికి వస్తుంది. అయిదేళ్ళు రాబడి లేకుండా ఖర్చు పెట్టడానికి సాహసంతో పాటు వెనుక నిలిచే వేరే పంట కూడా ఉండాలి. ఆ పంట వైట్ కుటుంబానికి క్రాన్‌బెర్రీ. ఆ ఆసరా లేని చిన్న రైతు ఇటువంటి పనికి పూనుకోలేకపోయేవాడన్న నిజాన్ని కూడా గుర్తించాలి.

పండించడంతో పని ముగియలేదు. అడవి పండుకు అలవాటు పడిన కొనుగోలుదారులకు ఈ పెద్ద పండు కొత్త. పైగా ధర ఎక్కువ. పండు కంటికి కనబడితేనే కొంటారని ఎలిజబెత్ గ్రహించింది. పండ్ల పెట్టెల మీద పారదర్శకమైన సెల్లోఫేన్ కాగితాన్ని మొట్టమొదట వాడినవారిలో ఆమె ఒకతె. కాగితం చింపకుండానే లోపలి పండ్లు కనబడేవి, చేతులు పడి నలగకుండా ఉండేవి. ఇరుగుపొరుగు రైతులు కూడా బ్లూబెర్రీ నాటసాగారు. వారికి ఆమె మొక్కలు అమ్మింది, సాగు విధానం చెప్పింది. ఎవరికి వారు వ్యాపారులకు అమ్ముకుంటే ధర పడిపోతుంది. కాబట్టి 1927లో న్యూజెర్సీ బ్లూబెర్రీ రైతుల సహకార సంఘం ఏర్పడడానికి ఆమె తోడ్పడింది. క్రాన్‌బెర్రీ రైతుల సంఘంలో సభ్యత్వం పొందిన మొదటి స్త్రీ కూడా ఆమెయే. రాష్ట్ర వ్యవసాయ శాఖ గౌరవ పత్రం మొదటిసారిగా ఒక స్త్రీకి లభించినదీ ఆమెతోనే.

ఆమె జీవితంలో వివాదం రేపిన ఘట్టం ఒకటి ఉంది. దాన్ని దాటవేయడం న్యాయం కాదు. క్రాన్‌బెర్రీ కోతకు ఫిలడెల్ఫియా నుంచి ఇటలీ వలస కుటుంబాలు పిల్లాజెల్లాతో వచ్చేవి. ఆ పిల్లలు కూడా పెద్దలతో పాటు వంగి పండ్లు కోసేవారు. కోత నెల సెప్టెంబరు, అక్కడ బడులు తెరిచే నెల కూడా అదే. 1910 సెప్టెంబరులో లూయిస్ హైన్ అనే ఫొటోగ్రాఫర్ వైట్స్‌బాగ్ వచ్చాడు. బాలకార్మిక వ్యవస్థను రూపుమాపడానికి ఏర్పడిన జాతీయ సంఘం తరఫున ఆయన దేశమంతా తిరిగేవాడు. బరువైన పండ్ల పెట్టెలు మోస్తున్న పసివాళ్ళ ఫొటోలు తీసి, వారి వయస్సులు కింద రాశాడు. ఆ ఫొటోలు దేశమంతా చూసింది. ఎలిజబెత్ దీనికి బహిరంగంగా జవాబు చెప్పింది. తమ పొలాల పరిస్థితులను ఆ సంఘం ఎక్కువ చేసి చెబుతున్నదని, కుటుంబాలు కలిసి పని చేయడం కర్మాగారంలో పని వంటిది కాదని ఆమె వాదన. ఆ వాదం కొన్ని సంవత్సరాలు నడిచింది.

పెంచిన సంస్థ మీద మాట పడితే కాదనడం మానవ సహజం. ఆమె కూలీలను ఎరిగినది, వారి మేలు కోరినది అన్నది కూడా అబద్ధం కాదు. అయినా ఆ ఫొటోలలోని పిల్లలు బడిలో లేరు, పొలంలో ఉన్నారు. వేరుశనగ పీకే రోజుల్లో పల్లె బడుల్లో హాజరు పట్టీ ఎలా ఉంటుందో ఎరిగినవారికి ఇది కొత్త సంగతి కాదు. అమెరికాలో 1938లో బాలకార్మికులను నిషేధిస్తూ చట్టం వచ్చినప్పుడు కూడా పొలం పనికి అందులో చాలా మినహాయింపులు ఇచ్చారు. అడవి మనిషి జ్ఞానానికి వెల కట్టి, వాళ్ళ పేర్లను నిలిపిన ఆమె చూపు, ఈ వలస పిల్లల విషయంలో అంత దూరం పోలేదు.

ఎలిజబెత్ పెళ్ళి చేసుకోలేదు. 1923లో వైట్స్‌బాగ్‌లోనే ఇల్లు కట్టుకుంది. దాని పేరు సనింగివ్. ఆ ఇంటి చుట్టూ దూరదేశపు పూలమొక్కలు పెంచకుండా, పైన్ బారెన్స్‌లో పుట్టిన పొదలనే నాటింది. ఆ నేలకు ఆ మొక్కలే అందమని ఆమె అభిప్రాయం. తరువాతి కాలంలో ఆమె దృష్టి హాలీ అనే చెట్టు మీదికి మళ్ళింది. ముళ్ళ అంచుల ఆకులతో, ఎర్రని పండ్లతో చలికాలమంతా పచ్చగా ఉండే ఆ చెట్టును క్రిస్మస్ అలంకారం కోసం జనం అడవిలో విచ్చలవిడిగా నరికివేసేవారు. దాన్ని కూడా నర్సరీలో పెంచి అందించవచ్చని ఆమె చూపించింది. 1947లో అమెరికా హాలీ సంఘం స్థాపనలో పాలుపంచుకుంది. అప్పటికి ఆమెకు డెబ్భై అయిదేళ్ళు దాటాయి. 1954 నవంబరు 27వ తేదీన, ఎనభై మూడేళ్ళ వయస్సులో మరణించింది.

ఆమె తరువాత బ్లూబెర్రీ చాలా దూరం ప్రయాణించింది. చలి తక్కువగా ఉండే ఫ్లోరిడా రాష్ట్రంలో శాస్త్రజ్ఞులు అక్కడి అడవి జాతితో కలిపి, కొద్ది చలికే పూసే రకాలను తయారు చేశారు. దానివల్ల వెచ్చని దేశాలకు కూడా ఈ పంట వెళ్ళగలిగింది. దక్షిణ అమెరికాలోని పెరూ దేశం 2010 తరువాత తన సముద్రతీరపు ఎడారి ఇసుకలో దీన్ని పెద్ద ఎత్తున పండించి, ప్రపంచంలో అన్ని దేశాల కంటె ఎక్కువగా ఎగుమతి చేసే స్థాయికి చేరింది. పులుపు నేల లేని చోట కొబ్బరి పీచు పొట్టు నింపిన కుండీలలో కూడా దీన్ని పెంచుతున్నారు. తుమకూరు జిల్లావారికి కొబ్బరి పీచు కొత్త వస్తువు కాదు. బెంగళూరు అంగళ్ళలో ఇప్పుడు చిన్న డబ్బాలలో బ్లూబెర్రీలు కనబడుతున్నాయి. వాటి వెల చూసి సామాన్యులు దాటిపోతారు గాని, నీలం రంగు మాత్రం కంటికి ఆనుతుంది.

వైట్స్‌బాగ్ ఊరు ఇప్పుడు ప్రభుత్వ అడవిలో భాగంగా రక్షణలో ఉంది. ఎలిజబెత్ ఇల్లు, పాత అంగడి, కూలీల గృహాలలో కొన్ని నిలిచి ఉన్నాయి. వేసవిలో జనం వెళ్ళి చూసి వస్తుంటారు. వందేళ్ళలో ఎన్నో కొత్త రకాలు వచ్చి, పాత అడవి పొదలలో చాలావాటిని వెనక్కి నెట్టాయి. కాని రూబ్ లీక్ చూపించిన రూబెల్ ఇంకా సాగులో ఉంది. పెద్ద కాయ రకాలతో పోలిస్తే దాని పండు చిన్నది. అయినా నేడు తోటలలో ఉన్న పెద్ద కాయ రకాలలో అనేకం వంశావళి వెనక్కి చూస్తే, ఆ అడవి మనిషి చీటీ కట్టిన పొద దగ్గరికి చేరుతుంది.